దూరవిద్యయా, దూరమైన విద్యయా?

"దూరవిద్య" యను సమాసమునకు విగ్రహవాక్యము చెప్పుమన్నచో రెండు విధములుగా చెప్పవచ్చును. దూరమునుండి వచ్చు విద్య యన్నచో పంచమీ తత్పురుషము. దూరమైన విద్య యన్నచో విశేషణపూర్వపద కర్మధారయము. విశ్వవిద్యాలయములవారు మొదటి యర్థమును మనస్సున నుంచుకొని యీ మాటను వాడుచున్నారు. మన గృహస్థులలో పెక్కుమంది దానిని రెండవ యర్థమున ఆచరణలో పెట్టుచున్నారు. బడిపంతులు సమాసములతో కాలక్షేపము చేయుచున్నాడని చదువరులు విసుగుకొనకుందురు గాక. ఈ రెండు విగ్రహవాక్యముల నడుమ ఒక్కొక్క స్త్రీ జీవితమున మూడేండ్లో, ఆఱేండ్లో, పదియేండ్లో నలిగిపోవుచున్నవి.

మన తాతల కాలమున పోరాటము అనుమతి కొఱకు జరిగెను. 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల స్థాపించిన నాడు, ఆడుపిల్ల బడిమెట్టు ఎక్కవచ్చునా యన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానము వచ్చి చాలకాలమైనది. నేడు సంస్కారవంతుల యింట కోడలు "నేను డిగ్రీ చదివెదను" అన్నచో కాదనువారు తక్కువ. కాదనకపోగా దరఖాస్తు నింపుదురు, ఫీజు కట్టుదురు, పుస్తకముల కట్ట వచ్చిన దినమున ఫోటో తీసి బంధువులకు పంపుదురు. అంతటితో తమ వంతు తీఱినదని తలంతురు. అనుమతి యిచ్చుటకు నోటిమాట చాలును. గంట యిచ్చుటకు మాత్రము ఎవరో ఒకరు లేచి గిన్నెలు తోమవలెను. నోటిమాట దగ్గఱనే మన సంస్కారము ఆగిపోయినదని నా వాదము.

మొదట ఈ విద్య మనకెట్లు వచ్చినదో చెప్పవలెను. 1982 ఆగస్టు 26వ తేదీన హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపితమైనది. భారతదేశమున నిట్టివానిలో నిదియే మొదటిది. ఇంగ్లండులో ఓపెన్ యూనివర్సిటీకి 1969లో అధికారపత్రము లభించి, 1971లో తొలి విద్యార్థులు చేరిరి. ఆ పిదప పట్టుమని పండ్రెండేండ్లు గడవకముందే ఆ భావము తెలుగునేలపై వేళ్లూనినది. ఆచార్య జి. రామరెడ్డిగారు దీనికి తొలి ఉపకులపతి. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినప్పుడు దానికిని ఆయనయే తొలి ఉపకులపతి యయ్యెను. 1991లో మన విశ్వవిద్యాలయమునకు డాక్టర్ అంబేద్కరుగారి పేరు పెట్టిరి. తొలిదినములలో, బడి సర్టిఫికెట్టు లేనివారును ఒక అర్హతపరీక్షలో నెగ్గి డిగ్రీలో చేరగలిగిరి. అచ్చుపాఠములు చేతికి వచ్చెడివి; రేడియోలో పాఠములు వినబడెడివి; సెలవుదినములలో చేరువ కళాశాలయందే తరగతులు జరిగెడివి. తెలుగులో వ్రాయించిన ఆ పుస్తకములను, అందు విద్యార్థులు కానివారు సైతము ఉద్యోగపరీక్షల కొఱకు వెదకి కొనుచుండుట అందఱెఱిగినదే. ఇది చిన్నపని కాదు. ఆ మహత్కార్యమును తక్కువచేయుట నా యుద్దేశము కాదు.

ఆ 1982లోనే మఱియొక ద్వారమును తెఱువబడెను. గ్రామీణ స్త్రీల కొఱకును పిల్లల కొఱకును కేంద్రప్రభుత్వము పెట్టిన పథకము, మనమందఱము డ్వాక్రా యని పిలుచునది, ఆ యేడే ఆరంభమైనది. ఒక ద్వారము చదువునకు, ఒక ద్వారము సంపాదనకు. రెండును ఒకే యింటికి, ఒకే స్త్రీకి. ఆమె ఈ ద్వారమున పోవునప్పుడును, ఆ ద్వారమున పోవునప్పుడును లోపల పొయ్యి దగ్గఱ ఎవరుందురని అడుగు గడి మాత్రము ఏ దరఖాస్తులోను నేను చూడలేదు.

మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతమునే తీసికొందము. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడిన నేల యిది. 2016లో జిల్లాలను పునర్విభజించినప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా యైనది. నాగపురము పోవు జాతీయ రహదారి మేడ్చలు మీదుగాను, కరీంనగరము పోవు రాజీవ్ రహదారి శామీర్‌పేట మీదుగాను సాగుచున్నవి; అవుటర్ రింగురోడ్డు రెంటిని కలుపుచున్నది. తుర్కపల్లి వైపు టీకాలకు, మందులకు పేరుగన్న జీనోమ్ వ్యాలీ, గుండ్లపోచంపల్లిలో దుస్తుల ఎగుమతి పార్కు, నడుమ లెక్కకు మిక్కిలిగా చిన్న కార్ఖానాలు. ఈ కొలువులకై ఎక్కడెక్కడినుండియో కుటుంబములు వచ్చి కొత్త ప్లాట్లలోను అద్దెయిండ్లలోను కాపురము పెట్టినవి. భర్త షిఫ్టు డ్యూటీకి పోవును. అత్తగారు సిద్దిపేటలో నుందురు, అమ్మగారు కామారెడ్డిలో. పిల్లవానికి జ్వరము వచ్చినచో చనవుగా పిలువదగిన మనిషి ఆ వీథిలో లేదు. ఉమ్మడి కుటుంబమున స్త్రీ పడిన పాట్లను మన సంస్కర్తలు విరివిగా వ్రాసిరి, సరియే. కాని ఉమ్మడి కుటుంబము విడిపోయినప్పుడు అందలి అధికారము విడిపోయినదే గాని పని విడిపోలేదు. నలుగురు స్త్రీలు పంచుకొన్న పని ఒక్కతె నెత్తికి వచ్చినది.

చదువునకు మాత్రము ఇచ్చట కొదువలేదు. 1998లో స్థాపితమైన నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయము శామీర్‌పేటలోనే యున్నది. బిట్స్ పిలానీవారి హైదరాబాదు ప్రాంగణము 2008 నుండి ఆ దాపుననే నడచుచున్నది. నల్సారువారు దూరవిద్యా కోర్సులును నడపుచున్నారు. దాని దాపునుండి దినదినము బస్సులో పోవు గృహిణికి ఆ చదువు ఎంత దూరము? 2023 ఏప్రిల్‌లో సికిందరాబాదునుండి మేడ్చలు దాక ఎం.ఎం.టి.ఎస్. రైలు వచ్చినది. అదే సంవత్సరము డిసెంబరు 9వ తేదీనుండి ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు టికెట్టు లేకుండ పోయినది. రైలు వచ్చినది, బస్సు ఉచితమైనది, పాఠము ఫోనులోనికే వచ్చినది. కిలోమీటరులలో దూరము తగ్గినది. గంటలలో అంగుళమైన తగ్గలేదు.

ఈ ప్రాంతపు వీథులలో తఱచుగా కనబడు బోర్డు నొకదానిని చదువుడు: "మగ్గం వర్క్ చేయబడును". ఇది నేతమగ్గము కాదు. చెక్కచట్రమునకు గుడ్డను దారములతో బిగించి, ఆరీ సూదితో జరీ, పూసలు, కుందనములు కుట్టు పనికి ఆ చట్రము పేరే నిలిచినది. ట్రేసింగు కాగితముపై గీసిన డిజైనును సూదితో చిల్లులు పొడిచి, కిరోసినులో కలిపిన తెల్లపొడితో రుద్ది గుడ్డమీదికి దింపవలెను. పెండ్లికూతురి జాకెట్టు ఒక్కటి పూర్తియగుటకు పలుదినములు పట్టును. కొలతలు, రంగుల పొందిక, పూసల కొనుగోలు, పనివారి కూలి, బేరము, బాకీల వసూలు, ఇవన్నియు గలిసి యొక వ్యాపారము. ఇంటి ముందుగదిలో చట్రము వేసికొని, పనివారి నొకరిద్దఱిని పెట్టుకొని, డిజైనులు తానే కల్పించి, వాట్సాపులో ఆర్డర్లు పుచ్చుకొని ఈ పని నడపు గృహిణులు మా బడి పిల్లల తల్లులలోనే కలరు. వారిలో కొందఱు ఇంటరు దగ్గఱ పెండ్లియై చదువాగినవారు. ముప్పది దాటిన పిదప డిగ్రీకి కట్టినవారు.

అట్టి యింటి దినచర్య ఎట్లుండునో చెప్పెదను. తెల్లవాఱుజామున అయిదింటికి తెఱచిన ఆర్థికశాస్త్రము ఆఱింటికి పిల్లల టిఫిను డబ్బాలకై మూయబడును. పదింటికి పనివారు వత్తురు. పదకొండింటికి ఎవరో యువతి ఆది జాకెట్టు పట్టుకొని వచ్చి, "అక్కా, శుక్రవారం పెండ్లి, ఎట్లనన్న చేసియ్యి" అనును. మూడున్నరకు బడివ్యాను. సాయంకాలము హోంవర్కు, వంట, మఱునాటి బియ్యము పప్పు నానబెట్టుట. రాత్రి పదిన్నరకు మఱల ఆర్థికశాస్త్రము, ఉదయము ఆపిన పుటయందే.

ఈమెను చూచి మనమేమందుము? "అన్నిటిని ఎంత చక్కగా సంబాళించుకొనుచున్నదో!" అందుము. అష్టావధాని యని బిరుదమిత్తుము. నాకు అవధానములన్న చిన్ననాటి నుండి ప్రీతి. కావున ఈ పోలికను కొంచెము పరీక్షింపనిండు. అవధానికి సభ యుండును. పృచ్ఛకులు ఎనమండుగురు వరుసగా అడుగుదురు. ఒకరు అడుగునప్పుడు తక్కినవారు ఆగుదురు. అందఱిలో ఒక్కనికే అప్రస్తుతప్రసంగము చేయు అధికారము. గంట కొట్టువాడు వేఱుగా నుండును. అవధాని లెక్కించిన చాలును. కొన్ని గంటలలో ధారణ ముగించి, శాలువ కప్పించుకొని అవధాని ఇంటికి పోవును. ఇంట ఆయనకు భోజనము సిద్ధముగా నుండును. ఈమె యింట ఎనమండుగురిదియు అప్రస్తుతప్రసంగమే. అందఱును ఒక్కసారియే అడుగుదురు. ఘంటాగణనము కుక్కరు కూతలతో జరుగును. లెక్క తప్పినచో పప్పు మాడును. సభ యెన్నటికిని ముగియదు. ఎవరైన నొక శాలువ కప్పినను దానిని మడతపెట్టి బీరువాలో పెట్టవలసినది ఆమెయే. మనము చేయవలసిన పనిని ఆమె చేసినందుకు మనమిచ్చు చెల్లని రసీదునకే ప్రశంస యని పేరు పెట్టుకొంటిమి.

లెక్కలు చూతము. 2024లో జాతీయ గణాంక కార్యాలయమువారు దేశమంతట జరిపిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపని చేయు స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములు దానియందు గడపుచున్నారనియు, పురుషులు 88 నిమిషములు గడపుచున్నారనియు తేలినది. ఈ సగటు ఆ పని చేసినవారిలో మాత్రమే. చెంబు కడుగని పురుషుడు ఈ లెక్కలోనికే రాడు. 2019 సర్వేలో ఇవే సంఖ్యలు 299, 97. అయిదేండ్లలో స్త్రీకి పది నిమిషములు తగ్గినవి. పురుషునకును తొమ్మిది తగ్గినవి! ఆమె దింపిన బరువు ఆయన చేతికి రాలేదని స్పష్టమే. అది మిక్సీకో, సందుచివర కర్రీ పాయింటుకో పోయియుండును.

ఇప్పుడు చదువు లెక్క. మూడేండ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. సార్వత్రిక విద్యలో ఒక్కొక్క క్రెడిట్టునకు 30 గంటల చదువని లెక్క. మొత్తము 3,600 గంటలు. మూడేండ్లకు పంచినచో దినమునకు సుమారు 197 నిమిషములు. పైన చెప్పిన 289 నుండి 88 తీసివేయుడు: 201 నిమిషములు. ఆ డిగ్రీకి కావలసిన కాలమంతయు ఆ ఇంటిలోనే, భార్యాభర్తల నడుమ నున్న ఆ యంతరములోనే ఉన్నది. నేనీ సంఖ్యలను సరిపుచ్చుటకు తంటాలుపడలేదు. అవియే వచ్చి సరిపడినవి. ఆ యంతరమంతయు ఒక్కనాడే పూడ్చుమని నేననుట లేదు. సగము పంచుకొన్నను ఆమెకు నూఱు నిమిషములు దక్కును. ఆఱేండ్లలో డిగ్రీ పూర్తియగును. కాని మన యిండ్లలో ఆమె చదువుకాలమును ఎచ్చటినుండి తీయుచున్నాము? నిద్రనుండి. రాత్రి పదిన్నర తరువాతను, తెల్లవాఱక ముందును. ఇంటిపనినుండి క్షణమైనను తీయుట లేదు.

దీనికి మూడు ఆక్షేపణలు విందును.

ఆమె పని కాలక్షేపము కొఱకే గదా, కొన్నాళ్లు ఆపవచ్చును గదా యనునది మొదటిది. భర్త జీతము జీవనమనియు, భార్య సంపాదన చేతిఖర్చనియు మనము పెట్టిన పేర్లు. ఆ చేతిఖర్చుతోనే బడిఫీజు కట్టిన నెలలున్నవని ఆ యిండ్లవారికి తెలియును. విచిత్రమేమన, పరీక్షలు వచ్చినప్పుడు ఆమెను "మగ్గం ఆపు" అందురు. పెండ్లిండ్లు వచ్చినప్పుడు "పరీక్ష వచ్చేయేడు రాయి" అందురు. మూడవదైన వంటను ఆపుమని ఎన్నడును, ఎవరును అనరు. ఆమె చేతిలో మూడు పనులున్నవి. మన దృష్టిలో వదలదగినవి రెండే, ఆ రెండును ఆమె సొంతమైనవే. దీనిని సమతూకమని పిలుచుట త్రాసునకు అవమానము.

రెండవది పిల్లలను గూర్చినది. తల్లి చదువులో, వ్యాపారములో పడినచో పిల్లలు చెడిపోవుదురట. నేను ఇరువదియేండ్లుగా పిల్లల నడుమ బ్రదుకుచున్నాను. తల్లి పుస్తకము పట్టుకొని కూర్చుండుట చూచిన పిల్ల పుస్తకమునకు భయపడదు. తల్లి పూసల లెక్క వ్రాయుచుండగా ప్రక్కన కూర్చున్న పిల్లవానికి గుణకారమెందుకో మేము చెప్పనక్కఱలేదు. చెడిపోవుట సంగతి వేఱు. ఇంట నొక పెద్దమనిషి మంచముపై ఫోను చూచుచు, ప్లేటు తీయుమని పిలుచుచుండగా, మఱియొకతె పరుగులిడుచుండుటను పదియేండ్లు దినదినము చూచిన పిల్లవాడు నేర్చుకొను పాఠమే నాకు భయము కలిగించుచున్నది. ఆ పాఠమునకు మా బడిలో విరుగుడు లేదు.

ఇచ్చట మా వృత్తివారిని గూర్చియు ఒక మాట. రాత్రి తొమ్మిదింటికి తల్లుల వాట్సాపు గుంపులో "రేపు పిల్లలకు థర్మోకోలుతో సౌరకుటుంబము చేసి పంపవలెను" అని ఆజ్ఞాపించు బడులు కలవు. ఆ సౌరకుటుంబమును ఏడేండ్ల పిల్లవాడు చేయడు, వాని తండ్రియు చేయడు. బడి తన పనిలో కొంతభాగమును జీతము లేని ఉపాధ్యాయురాలి కప్పగించి, చేయనినాడు ఆమెకే "శ్రద్ధ లేదు" అని డైరీలో వ్రాయుచున్నది. తల్లి శ్రద్ధను కొలుచు ముందు బడి తన గడియారమును చూచుకొనవలెను.

మూడవ ఆక్షేపణ మిక్కిలి మర్యాదగా వచ్చును: "మేమామెకు సాయము చేయుచునే యున్నాము గదా." సాయమన్నమాటయే తప్పు. తన యింటి గిన్నెలను తాను తోముట సాయమెట్లగును? పొరుగింటి పెండ్లిలో బూందీ దూయుట సాయము.

పూర్వము ఇంట నుండియే చదివి పైకి వచ్చిన స్త్రీల పేర్లను ఈ వాదములలో మనవారు తఱచు చెప్పుచుందురు. చెప్పవలసినదే, కాని పూర్తిగా చెప్పవలెను. 1874లో పుట్టిన భండారు అచ్చమాంబగారు బడికి పోలేదు. ఆమె తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు నాగపురమున అక్కగారింట నుండి చదువుకొనుచు, తాను నేర్చినది ఆమెకు నేర్పెను. ఆమె పిల్లలను పోగొట్టుకొన్న దుఃఖములోను చదువు విడువక, "అబలా సచ్చరిత్ర రత్నమాల" రచించెను. 1902లో మచిలీపట్టణమున స్త్రీసమాజము నెలకొల్పుటలో పాల్గొనెను. 1905లో, పిన్నవయస్సుననే, మరణించెను. ఆమె మేధ ఆమెదియే. కాని ఆ యింట అక్కకు చదువు చెప్పుట తన పనియే యని యెంచిన పురుషు డొకడు ఉండెను. ఆ యొకనిని మనము కథనుండి తొలగించి, "చూడుడు, ఆమె ఒంటరిగా సాధించెను, నీవేల సాధింపలేవు?" అని నేటి స్త్రీ నడుగుచున్నాము.

దుర్గాబాయిగారి విషయమును అట్టిదే. ఆమె 1937లో మద్రాసున ఆరంభించిన ఆంధ్రమహిళాసభ, తెలుగు స్త్రీలను కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషనుకు తయారుచేసెను. మద్రాసు ఎక్కడ, కాశి ఎక్కడ! దూరవిద్య యన్న మాట పుట్టకముందే అది దూరవిద్య. దూరమునుండి వచ్చినది పరీక్ష మాత్రమే. బోధించు మనుష్యులును, తోడు చదువు స్త్రీలును చేరువనే యుండిరి. స్వాతంత్ర్యానంతరము ఆమె అధ్యక్షతన 1953లో ఏర్పడిన కేంద్ర సంఘసంక్షేమ మండలి, చదువాగిన వయోజన స్త్రీలకై 1958 నుండి సంక్షిప్త విద్యాక్రమములు నడిపినది. ఆగిన చదువునకు కాలమే కావలెనని ఆ తరమువారు ఎఱుగుదురు. మనమో, పుస్తకముల కట్టను ఇంటికి పంపి, దానిని తెఱచు తీఱిక సంగతి మఱచితిమి.

కావున విశ్వవిద్యాలయములను గూడ నేను విడిచిపెట్టను. దూరవిద్య పంచాంగమును ఎవరో వంటచేసి పెట్టినవారు వ్రాసినట్లున్నది. ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయమువారు జూనులోను, డిసెంబరులోను పరీక్షలు పెట్టుదురు. రెంటిలో ఒకటి ఎన్నుకొను స్వేచ్ఛ విద్యార్థికి కలదు; అది మెచ్చదగినది. కాని మన గృహిణికి జూను అన్న బడులు తెఱచు నెల: పుస్తకములు, యూనిఫాములు, కొత్త వ్యాను బేరము. డిసెంబరున మార్గశిర ముహూర్తముల జాకెట్లు. ఆషాఢమున పెండ్లిండ్లు లేవు గదా యని ఎవరైన అందురేమో. శ్రావణమునకు కావలసిన జాకెట్లన్నియు ఆషాఢముననే కుట్టవలెను, బోనాలు వేఱు. ఎవరి తీఱిక ఎప్పుడో వారికే తెలియును. ఒక్కొక్క పేపరును సంవత్సరమున ఎప్పుడు సిద్ధమైన నప్పుడు వ్రాయు వీలు కల్పించుట అసాధ్యమా? జాతీయ సార్వత్రిక పాఠశాలవారు కోరినప్పుడు పరీక్ష యన్న పద్ధతిని ప్రవేశపెట్టియే చూపిరి. బడిస్థాయిలో చేయగలిగినది డిగ్రీస్థాయిలో ఏల చేయరాదు?

ఆదివారపు తరగతుల సంగతి మఱియొకటి. ఆదివారము అందఱికి సెలవు, కావున ఆమెకును వీలగునని లెక్క వేసిరి. ఆదివారమే పిల్లలు రోజంతయు ఇంట నుందురు, చుట్టములు వత్తురు, కోడికూర వండవలెను, జాకెట్ల కొలతలిచ్చుటకు ఉద్యోగపు స్త్రీలు వత్తురు. తరగతులు జరుగు కళాశాలలో ఆదినము ఖాళీగదులు ఎన్నియో యుండును. అందొక గదిలో చాపలు పఱచి, కొన్ని బొమ్మలు పెట్టి, ఒక ఆయాను నియమించినచో ఎంత ఖర్చు? ఒక సభకు తెప్పించు పూలదండల ఖర్చు మించదు. పిల్లలను తీసికొనివచ్చుటకు వీలున్న తరగతికి తల్లులు రారని ఎవరైన పందెము వేసినచో నేను కట్టుదును.

అసైన్‌మెంట్లను గూర్చి కూడ చెప్పవలెను, అది అప్రియమైనను. వ్రాసియిచ్చు దుకాణములు నగరమున కలవు. డబ్బు పడవేసిన జవాబుల కట్ట చేతికి వచ్చును. ఇది మోసము, దీనిని నేను సమర్థింపను. కాని ఒక స్త్రీ తాను మెచ్చి కట్టిన చదువును తానే డబ్బిచ్చి కొనునంతటి స్థితికి ఎట్లు వచ్చినదని భర్త అడిగినాడా? అడుగడు. ఆ కట్టను జెరాక్సు దుకాణమునుండి తెచ్చిపెట్టు సాయము మాత్రము చేయును.

గృహస్థులారా, మిమ్ము పెద్దకోరిక కోరుట లేదు. వారమున అయిదు సాయంకాలములు, ఏడింటినుండి ఎనిమిదిన్నర వఱకు, వంటగదియు పిల్లలును మీవి. ఆ సమయమున "ఉప్పు డబ్బా ఎక్కడ?" అని ఆమెను పిలువరాదు, వెదకుకొనుడు, దొరకును. మీ షిఫ్టు రాత్రిదైనచో ఉదయము ఇండు. చట్రము ముందుగదిలో నున్నందున ఆమె ఇంటనే యున్నదని తలంపక, ఆమె పనిలో నున్నదని పిల్లలకు నేర్పుడు. గది తలుపు వేసియున్నప్పుడు తట్టవలెనని చెప్పుడు. పరీక్షల నెలలో ఆర్డర్లు తగ్గించుకొన్నచో ఆ నష్టమును ఇంటి ఖర్చుగా వ్రాసికొనుడు, ఆమె అచ్చటి ఇచ్చటి చిల్లరలో నుండి తీయవలదు. ఇవి చేయలేనివారు ఫీజు కట్టి ఫోటో పంపుట మానుకొనుట మంచిది.

డిగ్రీ వచ్చి ఆమెకు ఒరుగునదేమి, జాకెట్టు కుట్టుటకు ఆర్థికశాస్త్రమేల యని నవ్వువారు కలరు. వారు ఆ చట్రము ముందు ఒక పూట కూర్చుండి చూడవలెను. మెడ వంచి, దీపము దగ్గఱకు లాగుకొని, వెండ్రుకవలె సన్నని జరీని సూదికొనతో పట్టవలెను. ఆ వ్యాపారమునకు పెట్టుబడి కండ్లు. నలువది దగ్గఱపడగానే మనవారు చత్వారము వచ్చినదందురు. సంస్కృతమున నలువదికి చత్వారింశత్ అని పేరు, ఆ జబ్బునకు ఆ సంఖ్యయే పేరైనది. కండ్లజోడు పెట్టుకొన్న పిదపను పని సాగును గాని మునుపటి వేగముండదు; నడుము, మెడ వేఱుగా మొఱపెట్టును. అప్పటికి ఆమె చేతిలో డిగ్రీ యున్నచో ఉపాధ్యాయశిక్షణకు పోవచ్చును, ఉద్యోగపరీక్ష వ్రాయవచ్చును, లేదా చట్రము దగ్గఱ పనివారిని పెట్టి తాను లెక్కలు, బ్యాంకు, పన్నులు చూచుకొనుచు వ్యాపారమును పెద్దది చేసికొనవచ్చును. ఇంట నుండి దూరముగా చదివిన డిగ్రీ తక్కువదను మాటయు ఇక చెల్లదు. నియమానుసారముగా గుర్తింపు పొందిన దూరవిద్యా డిగ్రీ కళాశాల డిగ్రీతో సమానమని 2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు స్పష్టము చేసిరి.

ముప్పదిమూడేండ్ల వయస్సున చేరిన స్త్రీ, దినమునకు నూఱు నిమిషములు దక్కినచో, ముప్పదితొమ్మిదికి పట్టా పుచ్చుకొనును. ఇప్పుడు మన యిండ్లలో నిద్ర మాని ఆమె సంపాదించుకొనుచున్నది నలువది నిమిషములే యనుకొందము. 3,600 గంటలను ఆ లెక్కన భాగించి చూడుడు: దాదాపు పదునైదేండ్లు. అప్పటికామెకు నలువదియెనిమిది. రిజిస్ట్రేషను గడువు తీఱిపోయి చాలకాలమై యుండును.